రొయ్య పెంకు విడిచిందా, చచ్చిపోయిందా? నడుము చుట్టూ తెల్ల గీత పడితే ఏం చేయాలి?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. రెండడుగుల గాజు ట్యాంకులో విశాఖపట్నం నుంచి తెచ్చిన రెడ్ చెర్రీ రొయ్యలు (ఇంట్లో ముచ్చటకు పెంచుకునే చిన్న ఎర్ర రొయ్యలు) ఇరవై వేశారు. మొదట బోరు నీళ్ళే పోశారు, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాలు మొత్తం) 480. బోరు నీళ్ళు పనికిరావని ఎవరో అంటే ఇంట్లో తాగడానికి తెప్పించే క్యాన్ నీళ్ళకు మారారు, వాటి టీడీఎస్ 35. మూడు ఆదివారాలుగా సగం ట్యాంకు తోడేసి క్యాన్ నీళ్ళు నింపుతున్నారు. ఇప్పుడు అడుగున రొయ్య ఆకారంలో పల్చటి పొరలు కనిపిస్తున్నాయి. రెండు రొయ్యలకైతే నడుము దగ్గర తెల్ల గీత పడి, తెల్లారేసరికి చచ్చిపోయాయి. షాపతను కాల్షియం మాత్ర నలిపి వేయమన్నాడట. వేయొచ్చా అని అడుగుతున్నారు.

వేయకండి. ఆ పల్చటి పొరలు చచ్చిన రొయ్యలు కావు, విడిచిన పెంకులు. వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆ తెల్ల గీత మాత్రం అసలు సమస్యే. దానికి కారణం, మీరు రాసినదాన్ని బట్టి, ఆదివారం నీళ్ళు మార్చడం. సగం ట్యాంకు మార్చే పని ఈ వారం నుంచి ఆపేయండి. మాత్ర సంగతి తర్వాత చెప్తాను.

ముందు మీ లెక్కే చూడండి. 480 ఉన్న ట్యాంకులో సగం తీసి 35 నీళ్ళు పోస్తే ఒక్కసారిగా 257కు పడిపోతుంది. రెండో ఆదివారానికి 146, మూడో ఆదివారానికి 90. మనకు అవి తేట నీళ్ళలాగే కనిపిస్తాయి. రొయ్యకు మాత్రం నీటిలోని ఉప్పులు, ఖనిజాలు అరగంటలో సగమైపోయాయి. బయట నీరు పల్చబడేసరికి ఒంట్లోకి నీరు ఎక్కువగా చేరుతుంది, ఒళ్ళు ఉబ్బుతుంది. పెంకు విడిచే టైము ఇంకా రాకముందే, లోపల కొత్త పెంకు సరిగ్గా తయారవకముందే, పాతది పగలడం మొదలవుతుంది. నీళ్ళు మార్చిన రాత్రో మర్నాడో నాలుగైదు పెంకులు ఒకేసారి కనిపించాయంటే, "బాగా పెరుగుతున్నాయి" అనుకోకూడదు. అవి బెదిరి విడిచినవి. రొయ్యలన్నీ ముహూర్తం పెట్టుకున్నట్టు ఒకే రాత్రి పెంకు మార్చవు, వేటి టైము వాటిది.

ఇక మామూలుగా జరిగేది ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా పట్టుకోగలరు. రొయ్య పెంకులో ఉండేది కైటిన్, దానికి గట్టిదనం ఇచ్చే కాల్షియం కార్బొనేట్. పెంకు సాగదు కాబట్టి రొయ్య పెరగాలంటే దాన్ని వదిలేయాల్సిందే. విడిచే ముందు పాత పెంకులోని కాల్షియంలో కొంత వెనక్కి లాక్కుంటుంది, కింద మెత్తటి కొత్త పెంకు కట్టుకుంటుంది. ఆ తర్వాత నీరు పీల్చుకుని ఉబ్బితే తలభాగపు డొప్పకూ పొట్టభాగానికీ మధ్య, వీపు వైపు మాత్రమే, ఒక చీలిక వస్తుంది. ఆ చీలికలోంచి ఒళ్ళు విల్లులా వంచి ఒక్క ఊపున బయటికి దూకుతుంది. మీరు ట్యాంకు ముందు కూర్చుని ఉన్నా రెప్ప వేసేలోగా అయిపోవచ్చు. వచ్చినదాని ఒళ్ళు మెత్తగా ఉంటుంది, ఎక్కడో నాచులో దూరి ఒకటి రెండు రోజులు బయటికి రాదు. "రొయ్య ఒకటి తగ్గింది" అని చాలామంది కంగారుపడేది ఈ రెండు రోజుల్లోనే. మళ్ళీ కనిపించినప్పుడు కాస్త పెద్దదై, రంగు తేరి ఉంటుంది. విరిగిన మీసమో కాలో ఉంటే ఒకటి రెండు మోల్టింగుల్లో, అంటే పెంకు విడవడాల్లో, మళ్ళీ వస్తుంది.

పిల్లలు వారం తిరక్కుండానే పెంకు మారుస్తాయి. పెద్దవి మూడు నుంచి ఆరు వారాలకోసారి. నీళ్ళు వెచ్చబడేకొద్దీ ఈ గడువు దగ్గరపడుతుంది. గుడ్లు మోయడానికి సిద్ధంగా ఉన్న ఆడరొయ్య పెంకు విడిచిన రోజు మగవి ట్యాంకంతా పిచ్చెక్కినట్టు ఈదుతాయి. నీళ్ళు చెడ్డాయేమో అనిపిస్తుంది గానీ, అది జత కోసం వెతుకులాట. కొన్నాళ్ళకు ఆమె పొట్ట కింద గుడ్లు కనిపిస్తాయి. గుడ్లు మోస్తున్నంతకాలం మామూలుగా పెంకు విడవదు. గుడ్లు అంటుకుని ఉన్న పెంకు అడుగున దొరికిందంటే నీటిలో ఏదో తేడా జరిగిందనే అర్థం.

విడిచిన పెంకా, చచ్చిన రొయ్యా? ఇది పట్టుకోవడం తేలిక. పెంకు గాజు కాగితంలా ఉంటుంది, వెనక ఉన్న ఇసుక కనిపిస్తుంది. కళ్ళ చోట నల్లటి గుడ్డు ఉండదు, ఖాళీ తొడుగు ఉంటుంది. వీపు మీద తలుపు తీసినట్టు చీలిక. గొట్టంతో చిన్న ఊదు ఊదితే గాల్లో ఈకలా లేచిపోతుంది. చచ్చిన రొయ్య లేవదు, బరువుగా అక్కడే పడి ఉంటుంది. లోపలి కండ పాలిపోయి, తర్వాత ఉడకబెట్టిన రొయ్యలా గులాబీ రంగుకు తిరుగుతుంది. చచ్చినదాన్ని వెంటనే తీసేయండి, అమ్మోనియా పెరుగుతుంది. పెంకును మాత్రం వదిలేయండి, మిగతావి కొరుక్కుని తింటాయి, అందులోని ఖనిజం వాటికే పోతుంది. శుభ్రం పేరుతో రోజూ వాటిని ఏరేసే వాళ్ళున్నారు, ఆ శ్రమ అనవసరం.

ఇప్పుడు తెల్ల గీత. వీపు మీద చీలాల్సిన పెంకు వీపుతో ఆగకుండా చుట్టూ, పక్కల నుంచి పొట్ట దాకా, పూర్తి ఉంగరంలా పగిలితే ఆ తెల్లటి పట్టీ కనిపిస్తుంది. పాత పెంకు రెండు ముక్కలవుతుంది. లాగడానికి పట్టు దొరకక ముందు ముక్క తలకు, వెనక ముక్క తోకకు ఇరుక్కుపోతాయి. అంతలో రొయ్య అలసిపోతుంది. ఎక్కువశాతం బతకవు. కొన్ని బతుకుతాయి, ఉంగరంతోనే ఒక రోజంతా తిరిగి మర్నాడు పెంకు వదిలేసినవి నా ట్యాంకుల్లోనే ఉన్నాయి. అందుకని చూడగానే పారేయకండి. అదే ట్యాంకులో వేలాడదీసిన ఒక చిన్న వల పెట్టెలో విడిగా ఉంచండి, మిగతావి వచ్చి కొరక్కుండా. పట్టకారుతోనో సూదితోనో పెంకు ఒలిచే ప్రయత్నం చేయొద్దు. కింద ఉన్న కొత్త పెంకు తడి కాగితంలాంటిది, మొప్పలతో సహా చిరిగిపోతుంది.

అయితే ప్రతి తెల్ల గీతా ఇది కాదు. కింది మూడూ చూసి జనం ఊరికే భయపడతారు:

వీపు మీద నిలువుగా, తల నుంచి తోక దాకా పోయే గీత జాతి లక్షణం. పెద్ద ఆడవాటిలో బాగా కనిపిస్తుంది. పెంకు విడిచే ముందు తల డొప్ప వెనక వీపు మీద మాత్రమే సన్నగా లేతగా కనిపించే గీత కూడా మామూలే, పక్కలకు దిగకపోతే చాలు. తల వెనక పసుపుగానో ఆకుపచ్చగానో జీనులా కనిపించేది లోపల తయారవుతున్న గుడ్ల ముద్ద.

చూడాల్సింది ఒక్కటే: గీత అడ్డంగా ఉందా, పొట్ట దాకా చుట్టిందా అని. సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి కొట్టి చూడండి.

సరే, కాల్షియం. షాపతను చెప్పింది పూర్తిగా తప్పని అనను. పెంకుకు కాల్షియం కావాలి, మెగ్నీషియం కూడా కావాలి. కానీ కొలవకుండా వేసే మందు అది. పైగా మనం మింగే మాత్రలో ఉండేది చాలావరకు కాల్షియం కార్బొనేట్. పీహెచ్ 7 దాటిన నీళ్ళలో అది చాలా తక్కువగా, నెమ్మదిగా కరుగుతుంది, మిగతాది తెల్లటి పొడిగా అడుగున పేరుకుంటుంది. దాంతోపాటు విటమిన్ డి3, మాత్ర గట్టిపడటానికి కలిపినవి ఇంకేవో ఉంటాయి. కొందరు ఇంకో అడుగు ముందుకేసి సున్నం వేయమంటారు, సోంపేట, ఇచ్ఛాపురం వైపు రొయ్యల చెరువుల్లో సున్నం చల్లడం చూసి. ఎకరాల చెరువు లెక్క వేరు. యాభై లీటర్ల గాజు పెట్టెలో చిటికెడు సున్నం పడినా పీహెచ్ ఎగిరి కూర్చుంటుంది. చెరువుల వాళ్ళు అమావాస్యకీ పౌర్ణమికీ మోల్టింగు చూసుకుని మినరల్స్ వేస్తారని కూడా ఎవరో మీకు చెప్తారు. ఇంట్లో ట్యాంకుకు నేను క్యాలెండరు చూడను.

మీరు కొలవాల్సింది జీహెచ్, అంటే నీటిలో కాల్షియం, మెగ్నీషియం కలిపి ఎంత ఉన్నాయన్నది. టీడీఎస్ మీటరు ఈ సంగతి చెప్పదు. అందులో మామూలు ఉప్పు కూడా కలిసే ఉంటుంది. మా బరంపురం నుంచి గోపాలపూర్ వైపు వెళ్ళేకొద్దీ కొన్ని బోర్లు ఉప్పగా ఉంటాయి. మీటరు 600 చూపించినా అందులో రొయ్యకు పనికొచ్చేది ఎంతో తెలియదు. చుక్కల కిట్ కొనండి: 5 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కో చుక్క వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టడమే, ఎన్ని చుక్కలైతే అన్ని డిగ్రీలు. ఆన్‌లైన్లో దొరుకుతుంది. లేదా తాగునీటి పరీక్ష చేసే ల్యాబులో బోరు నీళ్ళు ఇస్తే రిపోర్టులో "టోటల్ హార్డ్‌నెస్" అని లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తారు. దాన్ని 18తో భాగిస్తే దాదాపు జీహెచ్ వస్తుంది. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వాళ్ళు మంచిదన్న హద్దు 200 మిల్లీగ్రాములు, అంటే సుమారు 11 డిగ్రీలు. చెర్రీలు అందులో కూడా బతికేస్తాయి.

రెడ్ చెర్రీ, ఎల్లో, బ్లూ డ్రీమ్ లాంటి నియోకారిడీనా రకాలకు నేను చూసుకునే అంకెలు: జీహెచ్ 6 నుంచి 8, కేహెచ్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బొనేట్ల కొలత) 2 నుంచి 6, టీడీఎస్ 150 నుంచి 250, పీహెచ్ 6.5 నుంచి 7.8. క్రిస్టల్ రెడ్ లాంటి బీ ష్రింప్‌కు ఈ అంకెలు పనికిరావు. వాటికి జీహెచ్ 4 నుంచి 6, కేహెచ్ దాదాపు సున్నా, పులుపు నీళ్ళు కావాలి. మన ఎండల్లో వాటి జోలికి మొదట్లోనే పోకపోవడం మంచిది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను: జీహెచ్ 10లో నిలకడగా ఉన్న ట్యాంకు, ఇవాళ 7 రేపు 4 అయ్యే ట్యాంకు కన్నా ఎంతో నయం.

మీ విషయంలో చేయాల్సింది ఇది. బోరు నీళ్ళను మీరు వదిలేయాల్సిన పనే లేదు, జీహెచ్ సరిగ్గా ఉంటే మీకు కావాల్సిన కాల్షియం అందులోనే ఉంది. రెండడుగుల ట్యాంకులో ఇసుక పోగా యాభై లీటర్లు ఉంటాయనుకుందాం. రోజు విడిచి రోజు మూడు లీటర్లు తీసి మూడు లీటర్ల బోరు నీళ్ళు పోయండి. ఒక్కో విడతకు టీడీఎస్ ఇరవై చొప్పున పెరిగి, ఆరు విడతల్లో 90 నుంచి 210 చేరుతుంది. మగ్గుతో గుమ్మరించకండి. మెడికల్ షాపులో సెలైన్ పైపు కొనుక్కోండి. బకెట్టును ట్యాంకు కన్నా ఎత్తులో పెట్టి, చక్రం తిప్పి సెకనుకు రెండు చుక్కలు పడేలా వదిలేయండి. మీరు వంట చేసుకునేలోగానో సీరియల్ చూసేలోగానో కొంత దిగుతుంది, మిగతాది పడుకునేదాకా దిగుతుంది. కొత్త రొయ్యలు తెచ్చినప్పుడు కూడా ఇదే పైపు, ఇదే పద్ధతి.

210 దగ్గరికి వచ్చాక బోరు, క్యాన్ నీళ్ళు సగం సగం కలిపి ఒక డబ్బాలో నిలవ పెట్టుకోండి, వారానికి పదో వంతు మించకుండా మార్చండి. ఆ కలిపిన నీళ్ళ జీహెచ్ 6 కన్నా తక్కువ వస్తేనే రొయ్యలకని అమ్మే జీహెచ్-కేహెచ్ సాల్ట్ కొనండి. అది ఎప్పుడూ ట్యాంకులో చల్లకూడదు, బకెట్టులో కరిగించాకే పోయాలి. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళు వాడితే క్లోరిన్ పోగొట్టే మందు తప్పనిసరి. ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే దాని నీళ్ళు వద్దు, కాల్షియం తీసేసి సోడియం పెట్టే యంత్రం అది.

ఎండాకాలం ఇంకో చిక్కు. నీళ్ళు ఆవిరవుతాయి, ఖనిజాలు ఆవిరవవు. తగ్గిన మేరకు బోరు నీళ్ళే పోస్తూ పోతే టీడీఎస్ నెలనెలా ఎక్కుతుంది. రాయగడలో మా తోడల్లుడి ఇంట్లో ఇదే జరిగింది. వేసవంతా అలా పోశాడు, రొయ్యలు అలవాటుపడ్డాయి, ఒక్కటీ చావలేదు. తొలకరికి డాబా మీద పట్టిన వాన నీళ్ళు "స్వచ్ఛమైనవి కదా" అని రెండు బకెట్లు మార్చాడు. మర్నాడు ఫోన్. అడుగంతా పెంకులు, వాటి మధ్య చచ్చినవి. వాన నీళ్ళలో ఖనిజం దాదాపు శూన్యం. ఆవిరైన మేరకు క్యాన్ నీళ్ళు, మార్చడానికి కలిపిన నీళ్ళు అని గుర్తుపెట్టుకుంటే చాలు. నీళ్ళు 28 డిగ్రీలు దాటుతుంటే ఫ్యాను గాలి నీటి మీద పడేలా పెట్టండి. కరెంటు పోయే ఊళ్ళలో బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

పెంకు విడుస్తూ చచ్చిపోయినట్టు కనిపించే చావులన్నీ నీళ్ళ వల్ల కావు. మన ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఇది తప్పకుండా చెప్పాలి: దోమల మందు. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి గోడలకు మందు కొట్టడానికి మనుషులు వస్తారు, మందు పట్టించిన దోమతెరలు పంచుతారు. మనకు మంచిదే. కానీ ఆ తెరల్లో ఉండే పైరిత్రాయిడ్ మందు రొయ్యకు విషం, రొయ్య కూడా పురుగు వర్గానికి దగ్గర చుట్టమే. గుణుపురంలో తెలిసినాయన ఒకరు పాత తెర ముక్క కత్తిరించి ట్యాంకుకు మూతగా కట్టారు, రొయ్యలు దూకకుండా. నీటి పరీక్షలన్నీ సరిగ్గానే వచ్చాయి, అయినా రొయ్యలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకున్నాయి. తెర తీయించి, ఫిల్టరులో విషాన్ని పీల్చే బొగ్గు (యాక్టివేటెడ్ కార్బన్) పెట్టించాక మిగిలినవి దక్కాయి. స్ప్రే కొట్టే రోజు ట్యాంకును ప్లాస్టిక్ షీటుతో కప్పి ఎయిర్ పంపు ఆపండి. గదిలోంచి మందు గాలి పోయాకే పంపు మళ్ళీ వేయండి. ప్లగ్గులో పెట్టే దోమల లిక్విడ్ ఆ గదిలో వద్దు. చేపలకు వేసే మందుల్లో రాగి ఉందేమో లేబుల్ చూడండి, రొయ్యకు అదీ విషమే, నత్తలను చంపే మందుల్లో మరీ ఎక్కువ.

పెంకు మీద వచ్చే వేరే జబ్బులు క్లుప్తంగా. గోధుమ, నలుపు రంగు గుంటలు పడి అంచులు తిన్నట్టుంటే అది కైటిన్ తినే బ్యాక్టీరియా పని. పైపైన ఉన్నది తర్వాతి మోల్టింగులో పెంకుతోపాటే పోతుంది, లోతుకు దిగితే కష్టం. విడిగా పెట్టి నీళ్ళు శుభ్రంగా ఉంచడమే వైద్యం. ముక్కు మీద తెల్లటి బూజులా ఉంటే వోర్టిసెల్లా అనే సూక్ష్మజీవి, చిన్న వేళ్ళలా కదులుతుంటే స్కుటారియెల్లా అనే చిన్న పురుగు. రెండింటికీ ఉప్పు స్నానం: కప్పు ట్యాంకు నీటిలో ఒక టీస్పూను అయోడిన్ కలపని గళ్ళ ఉప్పు, ముప్పై సెకన్ల నుంచి నిమిషం, అంతే. మన గంజాం వాళ్ళకు హుమ్మ ఉప్పుమళ్ళు పక్కనే ఉన్నాయి కాబట్టి దొరకదన్న బాధ లేదు. స్కుటారియెల్లా ఉన్నప్పుడు మాత్రం విడిచిన పెంకులు వెంటనే తీసేయాలి, దాని గుడ్లు ఆ పెంకులోనే ఉంటాయి. తెల్ల ఉంగరం పడినదానికి ఉప్పు స్నానం చేయించొద్దు. పొట్ట కింద కాళ్ళ మధ్య ఆకుపచ్చటి కుచ్చు కనిపిస్తే గుడ్లని మురిసిపోకండి. గుడ్లు గుండ్రంగా విడివిడిగా ఉంటాయి, ఇది పీచులా ఉంటుంది. అలాంటిదాన్ని వేరు చేయండి.

తిండి విషయానికొస్తే, రోజూ ప్రొటీన్ ఎక్కువున్న గుళికలు వేయకండి. ఒళ్ళు త్వరగా పెరిగి పెంకు వెనకబడుతుందని నా అనుమానం, తగ్గించాక మోల్టింగు చావులు తగ్గడం చూశాను. వారానికి రెండుసార్లు మునగాకు వేడినీళ్ళలో ముంచి తీసి ఒక రెమ్మ వేయండి, రెండు గంటల తర్వాత మిగిలింది తీసేయండి. ఆకు కొనేదైతే వద్దు, మందు కొట్టి ఉండొచ్చు, పెరటిదైతేనే. రాలిన ఎండు బాదం ఆకు ఒకటి ఎప్పుడూ అడుగున ఉండాలి. దాని మీద పెరిగే పొరను రొయ్యలు రోజంతా గీక్కుతింటాయి, పెంకు విడిచాక దాని కిందే దాక్కుంటాయి. పంజరంలో చిలకలకు తగిలించే కటిల్ బోన్ (కటిల్ ఫిష్ లోపలి సున్నపు పెంకు) ముక్క వేస్తే నష్టం లేదు, పీహెచ్ 7 పైన ఉంటే పెద్ద లాభమూ లేదు. అయోడిన్ చుక్కలు అమ్ముతారు, నేను వాడను.

మీరు తెచ్చిన ఇరవైలో మిగిలినవాటిని ఇప్పుడు పట్టి వేరే ట్యాంకుకు మార్చాలన్న ఆలోచన కూడా వద్దు, అది మళ్ళీ ఇంకో కుదుపు. పై పద్ధతి మొదలుపెట్టాక కూడా వారం పది రోజుల్లో ఒకటో రెండో పోవచ్చు, ఇప్పటికే లోపల కొత్త పెంకు సగం కట్టుకున్నవి అవి. ఆ తర్వాత కూడా ఉంగరాలు కనిపిస్తుంటే బోరు జీహెచ్, కేహెచ్, ట్యాంకు వేడి, ఇంట్లో ఏ దోమల మందు వాడుతున్నారో రాయండి. పక్కనుంచి టార్చి వేసి తీసిన ఫోటో ఒకటి పెట్టండి, పైనుంచి తీసినది కాదు. కొత్త రొయ్యలు మాత్రం రెండు నెలలు ఆగి తెచ్చుకోండి, అదీ ఎండలు తగ్గాకే.